హెర్నియా ఆపరేషన్ అని చెప్పాను... అది సగం నిజమే!

తార్నాకలో మెట్రో ఎక్కితే రాయదుర్గం దాకా నాకు సీటు దొరకడమంటే లాటరీ తగిలినట్టే. ఏడాదిన్నర క్రితం ఒక సోమవారం ఉదయం ఆ లాటరీ తగిలింది. కాలేజీ బ్యాగు తగిలించుకున్న ఒకమ్మాయి నన్ను చూడగానే లేచి, ‘అక్కా, మీరు కూర్చోండి’ అంది. వద్దన్నా వినలేదు. కూర్చున్నాక నా పొట్ట వైపు చూసి నవ్వుతూ, ‘ఎన్నో నెల అక్కా?’ అని అడిగింది.

అప్పటికి మా కవలలకి మూడేళ్లు నిండాయి.

నిజం చెప్తే పాపం ఆ పిల్ల చిన్నబోతుంది. నేనూ చిన్నబోతాను. నోటికొచ్చింది చెప్పేశా... ‘ఐదు’ అని. ‘జాగ్రత్త అక్కా’ అని తను అమీర్‌పేటలో దిగిపోయింది. నేను ల్యాప్‌టాప్ బ్యాగు పొట్టకి అడ్డం పెట్టుకుని రాయదుర్గం దాకా అలాగే కూర్చున్నా. ఆ రోజు స్టాండప్ మీటింగ్‌లో నేనేం మాట్లాడానో నాకు గుర్తులేదు.

ఇలాంటి ప్రశ్నలు నాకు కొత్తేం కాదు. ఏ పెళ్లికెళ్లినా ‘ఏమైనా విశేషమా?’ అని ఎవరో ఒకరు అడగాల్సిందే. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు మొహమాటంతో అడగరు, చూసి ఊరుకుంటారు. అది ఇంకా కష్టం. మా ఆయన మాత్రం ‘నువ్వెలా ఉన్నా నాకు ఫర్వాలేదు’ అంటాడు. మంచి మాటే. కానీ దాంతో సంభాషణ అయిపోతుంది. నాకు ఫర్వా ఉందన్న సంగతి చెప్పడానికి చోటుండదు.

ఎనిమిది నెలల క్రితం నేను టమ్మీ టక్ చేయించుకున్నా. ఇంట్లో నలుగురికి తప్ప అందరికీ ‘హెర్నియా ఆపరేషన్’ అనే చెప్పా. అది అబద్ధం కాదు, నిజంగానే బొడ్డు దగ్గర చిన్న హెర్నియా ఉంది. కానీ అది సగం నిజం. మిగతా సగం ఇప్పుడు చెప్తున్నా. ఎందుకంటే ఆపరేషన్‌కి ముందు రాత్రిళ్లు ఫోన్ పట్టుకుని నేను వెతికినప్పుడు దొరికినవన్నీ ‘ముందు-తర్వాత’ ఫొటోలే. ఆ రెండు ఫొటోల మధ్య ఏం జరుగుతుందో మన భాషలో చెప్పినవాళ్లు నాకు కనిపించలేదు.

కొవ్వు కాదు, కండరం

నేను ముందు బరువు తగ్గితే సరిపోతుందనుకున్నా. కాన్పు తర్వాత 81 కిలోలున్నదాన్ని రెండేళ్లలో 66కి వచ్చా. మొహం తగ్గింది, చేతులు తగ్గాయి. పొట్ట మాత్రం గాలి తీసిన బెలూన్‌లా వేలాడుతూనే ఉంది. సాయంత్రమయ్యేసరికి ముందుకి పొడుచుకొచ్చేది. పడుకుని లేవబోతే పొట్ట మధ్యలో నిలువుగా గుడారంలా ఒక గట్టు లేచేది. దాన్ని చూసి మా పాప ‘అమ్మా, పొట్టలో డైనోసార్’ అనేది.

మెట్రో సంఘటన తర్వాత ఫిజియోథెరపిస్ట్ దగ్గరికెళ్తే, ఆవిడ ఆ డైనోసార్ పేరు చెప్పింది: డయాస్టాసిస్ రెక్టై. మన పొట్ట ముందు భాగంలో కుడి, ఎడమ రెండు నిలువు కండరాలుంటాయి. మధ్యలో వాటిని కలిపే ఒక పట్టీ ఉంటుంది. గర్భం పెరిగేకొద్దీ ఆ పట్టీ సాగుతుంది. చాలామందికి కాన్పు తర్వాత మెల్లగా దగ్గరికి వస్తుంది, కొందరికి రాదు. నాలాగా కవలల్ని మోసినవాళ్లకి ఆ అవకాశం ఇంకా ఎక్కువ.

ఇంట్లోనే చూసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల కొంచెం పైకెత్తండి. బొడ్డు దగ్గర వేళ్లు అడ్డంగా పెట్టి నొక్కి చూడండి. కండరాల మధ్య రెండు వేళ్ల కంటే ఎక్కువ దిగితే ఒకసారి డాక్టర్‌కో ఫిజియోకో చూపించుకోవడం మంచిది. నాకు ఐదు వేళ్లు దిగాయి.

ఎనిమిది నెలలు వ్యాయామాలు చేశా. ఐదు వేళ్లు మూడున్నర అయ్యాయి. నడుం నొప్పి బాగా తగ్గింది. ఈ ముక్క ఎందుకు చెప్తున్నానంటే, చాలామందికి ఇక్కడితోనే పనైపోతుంది, ఆపరేషన్ దాకా వెళ్లక్కర్లేదు. కానీ సాగిన చర్మాన్ని ఏ వ్యాయామమూ లోపలికి లాగలేదు. హెర్నియా కూడా వ్యాయామంతో మూసుకోదు. అప్పుడు ప్లాస్టిక్ సర్జన్ అపాయింట్‌మెంట్ తీసుకున్నా.

‘ఇంకెవరికి చూపించాలి?’

సర్జన్ అడిగిన మొదటి ప్రశ్న, ‘ఇంకా పిల్లల్ని కనే ఆలోచన ఉందా?’ అని. ఉంటే ఆగమంటారు. ఆపరేషన్ తర్వాత గర్భం రాకూడదని కాదు, వస్తే బిగించిన కండరం మళ్లీ సాగుతుంది కాబట్టి. రెండో ప్రశ్న బరువు గురించి. కొన్ని నెలలుగా ఒకేచోట నిలకడగా ఉందా అని. సిగరెట్ తాగేవాళ్లయితే వారాల ముందే మానేయాలి, లేకపోతే చర్మానికి రక్తం సరిగ్గా అందక గాయం మానదు. షుగర్ అదుపులో ఉండాలి.

‘ఇది బరువు తగ్గించే ఆపరేషన్ కాదమ్మా’ అని ఆయన మూడుసార్లు చెప్పారు. లైపోసక్షన్ అంటే కొవ్వు పీల్చేయడం. టమ్మీ టక్ అంటే మిగిలిపోయిన చర్మం కోసి తీసేసి, విడిపోయిన కండరాల్ని దగ్గరికి లాగి కుట్టడం. ఈ తేడా నాకు తర్వాత బాగా తెలిసొచ్చింది. నా ఒంట్లోంచి తీసింది మొత్తం తూకం వేస్తే 900 గ్రాములు. కిలో కూడా లేదు! నాలుగేళ్లు నేను మోసిన సిగ్గు మాత్రం క్వింటాలుంటుంది.

ఇక డబ్బు సంగతి. కాస్మెటిక్ సర్జరీని మన హెల్త్ పాలసీలు కవర్ చేయవు. మినహాయింపుల జాబితాలోనే రాసి ఉంటుంది. తెలిసినవాళ్లొకరు ‘మొత్తం హెర్నియా కిందే బిల్లు వేయించెయ్’ అని సలహా ఇచ్చారు. నేను మొహమాటపడుతూనే డాక్టర్‌ని అడిగా. ‘అది మోసం, నేను రాయను’ అన్నారాయన. సిగ్గుతో తల దించుకున్నా గానీ, కత్తి పట్టేది ఈయనే కదా అని ధైర్యం కూడా వచ్చింది. హెర్నియా వాటా మాత్రం ఆఫీస్ పాలసీకి వెళ్లింది. మిగతా 2 లక్షల 30 వేలు నా జీతంలోంచి దాచుకున్నవి.

అమ్మకి చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది. మధిర నుంచి ఫోన్‌లోనే మొదలుపెట్టింది. ‘నడికట్టు సరిగ్గా కట్టించుకోమంటే విన్నావా? బాలింతగా ఉన్నప్పుడే ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంటివి.’ ఆ తర్వాత కాసేపు ఆగి, ‘పెళ్లయింది, పిల్లలు పుట్టారు. ఇంకెవరికి చూపించాలని ప్రాణం మీదకి తెచ్చుకుంటున్నావే?’ అంది.

నా దగ్గర జవాబు లేదు. ‘నాకే’ అని చెప్పాలని తోచడానికి ఒక రోజు పట్టింది. మళ్లీ ఫోన్ చేసి చెప్పలేదు. ‘హెర్నియా కూడా ఉందమ్మా, వదిలేస్తే ముదురుతుందట’ అన్నా. అంతే, అమ్మ బస్సెక్కింది. చూశారా, జబ్బంటే బస్సెక్కుతారు. ఇష్టమంటే ఎవరూ ఎక్కరు. అందుకే అత్తగారికీ, మేనేజర్‌కీ, అపార్ట్‌మెంట్ వాళ్లకీ అదే మాట చెప్పేశా.

ఆ రోజు

ఆపరేషన్ ఉదయం నన్ను నిలబెట్టి మార్కర్‌తో పొట్ట మీద గీతలు గీశారు. ఎక్కడ కోయాలి, మధ్యరేఖ ఎక్కడ, ఎంత చర్మం తీయాలి... అన్నీ నిలబడి ఉన్నప్పుడే కొలుస్తారు. పడుకుంటే చర్మం పక్కలకి జారిపోతుంది మరి. ఫొటోలు తీశారు. నా పొట్టని అంత వెలుతురులో నేనే ఎప్పుడూ చూసుకోలేదు.

పూర్తి మత్తు ఇచ్చారు. మూడు గంటలు పట్టింది. కోత పొత్తికడుపు కింద, ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా ఉంటుంది. అవును, అంత పొడవు. నా పాత సిజేరియన్ మచ్చ తీసేసిన చర్మంతో పాటే పోయింది, దాని బదులు దానికంటే రెండింతల మచ్చ వచ్చింది. బొడ్డు సంగతి విచిత్రం. దాన్ని ఉన్నచోటే వదిలేసి, పైచర్మాన్ని కిందికి లాగి, కొత్తగా రంధ్రం చేసి అందులోంచి బయటికి తెచ్చి కుడతారు. హెర్నియా కూడా అక్కడే ఉంది కాబట్టి బొడ్డుకి రక్తం అందడం తగ్గే రిస్క్ కొంచెం ఎక్కువని ముందే చెప్పి సంతకం పెట్టించుకున్నారు. తొలి వారం రోజూ నర్సు బొడ్డు రంగు చూస్తుంటే నా గుండె దడదడలాడేది.

మెలకువ వచ్చాక నొప్పి కంటే ముందు తెలిసింది బిగువు. రెండు సైజులు చిన్న జీన్స్ ఎవరో బలవంతంగా తొడిగి జిప్పు పెట్టినట్టు. మోకాళ్ల కింద దిండ్లు, నడుం దగ్గర మంచం ఎత్తి పెట్టారు. దగ్గినా, తుమ్మినా, ముఖ్యంగా నవ్వినా చుక్కలు కనిపించాయి. మా ఆయన జోకులు మానేసిన వారం మా పెళ్లయ్యాక అదొక్కటే.

ఆ సాయంత్రమే లేపి నడిపించారు. నేను ఏడ్చా. అయినా నడిపించారు. ఎందుకంటే ఈ ఆపరేషన్‌లో అసలు భయపడాల్సింది కుట్ల గురించి కాదు, కాళ్లలో రక్తం గడ్డకట్టడం గురించి. ఆ గడ్డ ఊపిరితిత్తులకి చేరితే ప్రాణాపాయం. సౌందర్యం కోసం చేసే ఆపరేషన్లలో ఆ ముప్పు ఎక్కువగా ఉన్నవాటిలో ఇదొకటి. అందుకే కాళ్లకి బిగుతు మేజోళ్లు, రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు, పడుకున్నా పాదాలు ఆడిస్తూ ఉండటం. ఒక పిక్కలో నొప్పో వాపో వచ్చినా, ఆయాసం వచ్చినా అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి వచ్చేయాలని చెప్పారు. డిశ్చార్జ్ రోజు ఇచ్చే కాగితంలో ఈ లైన్లు మాత్రం ఇంట్లో అందరితోనూ చదివించండి.

నా పొట్టకో గూగుల్ షీట్

ఇంటికొచ్చేటప్పుడు నా ఒంటికి రెండు ప్లాస్టిక్ గొట్టాలు, వాటి చివర చిన్న బుడ్డీల్లాంటివి వేలాడుతున్నాయి. డ్రెయిన్లంటారు. లోపల చేరే నీరు, రక్తం వాటిలోకి దిగుతాయి. రోజూ పొద్దున, సాయంత్రం కొలిచి రాయాలి. నేను ఊరుకుంటానా? గూగుల్ షీట్ పెట్టి గ్రాఫ్ గీశా. 110 మిల్లీలీటర్లు, 85, 70... రోజుకి 30 కంటే తగ్గితే తీస్తారు. తొమ్మిదో రోజు తీశారు. ఏ రిలీజ్‌కీ అంత సంబరపడలేదు నేను.

మొదటి పది రోజులు నిటారుగా నిలబడలేం. కుట్లు లాగుతాయి కాబట్టి వొంగే నడవాలి. హాల్లోంచి బాత్రూమ్‌కి వొంగి నడుస్తుంటే అచ్చం మా అమ్మమ్మలా ఉన్నానని అమ్మ నవ్వింది. వెల్లకిలా, వీపు ఎత్తుగా పెట్టుకునే పడుకోవాలి. నొప్పి మాత్రలతో మలబద్ధకం వస్తుంది, అదొక నరకం. దాని గురించి ఏ రీల్‌లోనూ చెప్పరు.

వంటింట్లో ఇంకో యుద్ధం. ‘పప్పు తింటే చీము పడుతుంది’ అని అమ్మ. గాయం మానాలంటే ప్రొటీన్ కావాలి, పప్పు, గుడ్లు, పెరుగు అన్నీ తినమని డాక్టర్. వీడియో కాల్‌లో ఆయన చేతే చెప్పిస్తే గానీ నా కంచంలోకి పప్పు రాలేదు.

అన్నిటికంటే కష్టం ఇవేవీ కావు. ఆరు వారాలు బరువులెత్తకూడదు. పిల్లలు కూడా బరువే. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు బాబు పరుగెత్తుకొచ్చి ‘అమ్మా, ఎత్తుకో’ అని చేతులు చాచాడు. మా ఆయన మధ్యలోనే పట్టుకున్నాడు. ‘అమ్మకి బుజ్జి దెబ్బ తగిలింది’ అని చెప్పాం. పాప అర్థం చేసుకుంది. బాబు అర్థం చేసుకోలేదు. రాత్రి తలుపు దగ్గర నిలబడి ‘నేనేమైనా తప్పు చేశానా అమ్మా?’ అన్నాడు. ఆ క్షణం నాకు అమ్మ మాటే గుర్తొచ్చింది... ఎవరికి చూపించాలని? నా ఇష్టం కోసం వాడిని ఏడిపిస్తున్నానా అనిపించింది.

మూడో వారం, ఇంట్లో ఎవరూ చూడకుండా వాడిని ఎత్తుకున్నా. అర నిమిషమే. రెండు రోజులకి పొట్ట కింద ఒకవైపు నీళ్ల సంచీలా ఊగడం మొదలైంది. సెరోమా. లోపల నీరు చేరడం. ఎత్తుకోవడం వల్లేనా అని డాక్టర్‌ని అడిగితే, ఎత్తకపోయినా చాలామందికి వస్తుందన్నారు. కానీ నన్ను ఓదార్చడానికే అన్నారనుకుంటా. సూదితో తీశారు, మూడుసార్లు వెళ్లాల్సొచ్చింది. కాబట్టి పిల్లలున్నవాళ్లు గుర్తుపెట్టుకోండి: ఆపరేషన్‌కి ముందు సర్జన్‌ని ఎంత జాగ్రత్తగా వెతుక్కుంటామో, ఆరు వారాలు పిల్లల్ని ఎత్తుకునే మనిషిని కూడా అంత జాగ్రత్తగా చూసిపెట్టుకోవాలి.

సర్జన్ గురించి కూడా ఒక మాట. ఆఫర్లు, ఇన్‌స్టా ఫాలోవర్లు చూడకండి. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ ఉందా, మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టరై ఉన్నారా, మత్తు డాక్టర్, ఐసీయూ ఉన్న ఆస్పత్రిలో చేస్తున్నారా... ఈ మూడూ అడగండి. అడిగితే చిరాకుపడేవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

అమ్మ పడుకుంది, నేను కొలిచాను

డ్రెయిన్లు తీశాక కూడా ఆరు వారాల పాటు కంప్రెషన్ గార్మెంట్ వేసుకోవాలి. ఛాతీ కింద నుంచి తొడల దాకా బిగించి పట్టే బట్ట. మే నెల హైదరాబాద్‌లో! స్నానానికి తప్ప తీయకూడదు. రోజూ అమ్మే హుక్కులు పెట్టేది. ఒకరోజు పెడుతూ పెడుతూ, ‘ఇదీ నడికట్టే కదే. నేను ఊరికే ఇస్తానన్నా, నువ్వు 4 వేలు పెట్టి కొన్నావు’ అంది. ఇద్దరం నవ్వాం. కుట్లు పట్టుకుని మరీ నవ్వా.

అప్పుడే నా మచ్చని అమ్మ మొదటిసారి సరిగ్గా చూసింది. ఎర్రగా, తాడులా ఉంది. తిడుతుందనుకున్నా. వేలితో దాని పక్కన మెల్లగా తాకి, ‘నొప్పేస్తుందా?’ అంది. అక్కడ నాకు అసలు స్పర్శే లేదు. బొడ్డు కింద చర్మం మొద్దుబారిపోయి ఉంది, అది రావడానికి నెలలు పడుతుంది. ‘తెలియట్లేదమ్మా’ అన్నా.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ‘నాకూ ఉందిలే పొట్ట. మీ ముగ్గురి తర్వాత పోనేలేదు. చీర కుచ్చిళ్ల కింద దాచుకున్నా. దాచుకోవాలి కాబోలు అనుకున్నా’ అంది.

అమ్మని మంచం మీద పడుకోమన్నా. తల ఎత్తమన్నా. బొడ్డు దగ్గర వేళ్లు పెట్టా. మూడు వేళ్లు దిగాయి. ఆఖరి కాన్పు అయ్యి ఇరవై ఆరేళ్లు. అన్నేళ్లుగా నడుం నొప్పి అని రోజూ రాత్రి బామ్ రాసుకుని పడుకునే మనిషి. ఆ నొప్పికి ఇదొక్కటే కారణమని నేననను. కానీ ఈ ఇరవై ఆరేళ్లలో ఒక్కరు కూడా ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టి చూడలేదు. అందరికంటే ముందు నేనే చూడలేదు.

‘ఇప్పుడు నన్నేం కోస్తారట?’ అంది కంగారుగా. ‘ఎవరూ కోయరు’ అని ఫిజియో నాకు నేర్పిన ఊపిరి వ్యాయామం చేయించా. ఊపిరి వదులుతూ పొట్ట లోపలికి లాగడం. మధిర వెళ్లాక కూడా చేస్తోంది. పొద్దున్నే ఫోన్ చేసి ‘పది అయ్యాయి’ అని రిపోర్ట్ ఇస్తుంది.

ఇప్పుడెలా ఉన్నాను?

మూడో వారానికి ఇంటి నుంచే లాగిన్ అయ్యా. రెండు నెలలకి ఆఫీస్, మూడు నెలలకి వ్యాయామం. వాపు మాత్రం మొండిది. పొద్దున సన్నగా, సాయంత్రానికి ఉబ్బి... నాలుగు నెలలు అదే తంతు. రెండో వారంలో అద్దం చూసుకుని ‘రెండు లక్షలు తగలేశా’ అని ఏడ్చా కూడా. ఆ ఏడుపు చాలామందికి వస్తుందట, ముందే తెలిసుంటే కొంచెం తక్కువ ఏడ్చేదాన్ని. మచ్చ ఇప్పుడు గోధుమ రంగులోకి వచ్చింది. ఇంకా పలచబడుతుంది, పూర్తిగా మాత్రం పోదు. నాకు దాంతో పేచీ లేదు.

అందంగా అయ్యానా? డ్రెస్సు వేసుకున్నప్పుడు పొట్ట గురించి ఆలోచించడం మర్చిపోతున్నా. నాకు కావాల్సింది అదే. మిగతావన్నీ అలాగే ఉన్నాయి. ఈ ఆపరేషన్ వల్ల మా ఆయన మారలేదు, జీతం పెరగలేదు, నేను మోడల్‌ని కాలేదు. అవేవైనా జరుగుతాయనుకుని చేయించుకునేవాళ్లుంటే ఆగండి.

పోయిన నెల మా టీమ్‌లో ఒకమ్మాయి, ఏడాది పాపకి తల్లి, క్యాంటీన్‌లో ‘మీ హెర్నియా ఎలా ఉంది?’ అని అడిగింది. అడుగుతూ దుపట్టా ముందుకి లాక్కుంది. ఆ లాక్కోవడం నాకు బాగా తెలుసు. ‘హెర్నియా బాగుంది. దాంతో పాటు టమ్మీ టక్ కూడా చేయించుకున్నా’ అన్నా. అలా బయటివాళ్లకి చెప్పడం అదే మొదటిసారి. తను చుట్టూ చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ముందు ఫిజియో నంబర్ ఇచ్చా. సర్జన్ నంబర్ అడగలేదు, నేనూ ఇవ్వలేదు.

ఇప్పుడు మెట్రోలో నాకెవరూ సీటు ఇవ్వట్లేదు. తార్నాక నుంచి రాయదుర్గం దాకా నిలబడే వెళ్తున్నా, కాళ్లు పీకుతున్నాయి. ఎప్పుడైనా కూర్చునే అదృష్టం పట్టినప్పుడు, పొట్టతో ఉన్న ఆడవాళ్లు కనిపిస్తే నేనూ లేస్తా. ‘కూర్చోండి’ అంటా. ఎన్నో నెల అని మాత్రం అడగను.